మీ స్క్రిప్ట్ ఆప్షన్లను మీకంటే ముందు చదువుతున్నది ఎవరు?

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఫోల్డరులోని ఫోటోలను ఒకదాని తరువాత ఒకటి చూపించే చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశారు. విండో కోసం కివీ అనే ఫ్రేమ్‌వర్క్, ఆప్షన్ల కోసం పైథాన్‌తో వచ్చే ఆర్గ్‌పార్స్ మాడ్యూల్ వాడారు. --హెల్ప్ ఇస్తే మీరు ఎప్పుడూ రాయని సహాయ సందేశం వస్తోంది. --కౌంట్ 50 ఇస్తే అలాంటి ఆప్షన్ లేదంటూ ఆగిపోతోంది. --డీబగ్ ఇస్తే ఏ తప్పూ చూపడం లేదు, కానీ మీ కోడ్‌లో దాని విలువ ఫాల్స్‌గానే ఉంటోంది. ఫోల్డరు పేరు ముందు రాసి ఆప్షన్లు తరువాత రాస్తే మాత్రం అన్నీ చక్కగా పనిచేస్తున్నాయి. ఇది ఆర్గ్‌పార్స్ లోపమా అని అడిగారు.

కాదు. మీ ఆప్షన్ల నిర్వచనాలు కూడా సరిగ్గానే ఉన్నాయి, వాటిని తిరగరాయడం మానేయండి. మీ పార్సర్, అంటే ఆప్షన్లను చదివి విడదీసే ఆర్గ్‌పార్స్, పని మొదలుపెట్టేసరికే ఆ ఆర్గ్యుమెంట్లను ఇంకొకరు చదివేశారు. ఆ చదివింది కివీ. కివీని ఇంపోర్ట్ చేసిన క్షణంలోనే అది సిస్.ఆర్గ్‌వీని, అంటే కమాండ్ లైన్‌లో మీరు రాసిన మాటల జాబితాను, తీసుకుని, తనకు తెలిసిన ఆప్షన్లను వాడుకుని, మిగిలినవాటిని మాత్రమే తిరిగి అందులో పెడుతుంది. మీ ఆర్గ్‌పార్స్‌కు చేరేది ఆ మిగులు.

మీరు చివర్లో రాసిన వాక్యమే అసలైన ఆధారం. ఫోల్డరు పేరు ముందుంటే ఎందుకు పనిచేస్తోందో చూస్తే మొత్తం కథ తెలిసిపోతుంది. కివీ లోపల వాడేది పైథాన్‌తో పాటే వచ్చే పాత గెట్ఆప్ట్ మాడ్యూల్. దానికి సంప్రదాయ యునిక్స్ పద్ధతి ఒకటుంది: ఎడమ నుంచి చదువుతూ, ఆప్షన్ కాని మొదటి మాట ఎదురవగానే ఆగిపోతుంది. అక్కడి నుంచి చివరి వరకు ఉన్నదంతా తనది కాదని వదిలేస్తుంది. మీరు

పైథాన్ చూపు.పీవై ఫోటోలు --కౌంట్ 50

అని రాసినప్పుడు గెట్ఆప్ట్ మొదటి అడుగులోనే ‘ఫోటోలు’ చూసి ఆగింది. --కౌంట్ జోలికి పోలేదు. కాబట్టి మీ ఆర్గ్‌పార్స్‌కు అన్నీ చెక్కుచెదరకుండా అందాయి. ఆర్గ్‌పార్స్ ఆప్షన్లు ముందున్నా వెనకున్నా పట్టించుకోదు గనుక ఫలితం సరిగ్గా వచ్చింది. అదే

పైథాన్ చూపు.పీవై --కౌంట్ 50 ఫోటోలు

అని రాస్తే గెట్ఆప్ట్‌కు మొదట కనిపించేది --కౌంట్. అది కివీ జాబితాలో లేదు. తప్పు చెప్పి, కివీ వాడుక పద్ధతిని ముద్రించి, 2 అనే ఎగ్జిట్ కోడ్‌తో ప్రోగ్రామును ముగించింది. కివీ ఇంపోర్ట్ తరువాత ఉన్న మీ కోడ్‌లో ఒక్క వరుస కూడా నడవలేదు. --డీబగ్ సంగతి ఇంకోలా జరిగింది. ఆ పేరుతో కివీకి సొంత ఆప్షన్ ఉంది, పొట్టి రూపం -డీ కూడా ఉంది. అది దాన్ని తనదిగానే భావించి తన లాగ్ స్థాయిని పెంచుకుంది, ఆ మాటను జాబితా నుంచి తీసేసింది. మీరు జాగ్రత్తగా చూసి ఉంటే ఆ రోజు టెర్మినల్‌లో లాగ్ వరుసలు మామూలు కంటే ఎక్కువగా పడి ఉంటాయి.

ఈ మూడింటిలో నన్ను కలవరపెట్టేది --డీబగ్ రకమే. తప్పు చూపించి ఆగిపోయేది మనల్ని కాపాడినట్టే. నిశ్శబ్దంగా మాయమయ్యేది నష్టం చేస్తుంది. కొన్నేళ్ల క్రితం నేను ఫైళ్ల పేర్లు మార్చే స్క్రిప్ట్ ఒకటి రాశాను. -డీ ఇస్తే ఏ ఫైలునూ ముట్టకుండా, ఏమేం మారుతాయో జాబితా మాత్రమే చూపాలి. దానికి తరువాత ఒక చిన్న విండో కావాలనిపించి బయటి ఫ్రేమ్‌వర్క్ ఒకటి చేర్చాను. ఆ ఫ్రేమ్‌వర్క్‌కు కూడా -డీ అనే ఆప్షన్ ఉందని నాకు తెలియదు. మర్నాడు ధైర్యంగా -డీ ఇచ్చి నడిపాను. వందల ఫైళ్ల పేర్లు నిజంగానే మారిపోయాయి. బ్యాకప్ ఉండబట్టి బయటపడ్డాను. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: ప్రమాదాన్ని ఆపే ఆప్షన్‌కు ఒక్క అక్షరపు పొట్టి పేరు ఇవ్వను. వీలైతే ఆ క్రమాన్నే తిప్పేస్తాను. ఏ ఆప్షనూ లేకపోతే జాబితా చూపడం, నిజంగా మార్చాలంటేనే ఒక ఆప్షన్ ఇవ్వడం. అప్పుడు ఆప్షన్ మధ్యలో మాయమైనా ఏ ఫైలూ మారదు.

ఇప్పుడు నేను చెప్పింది నమ్మకుండా మీరే నిర్ధారించుకునే మార్గం చెబుతాను, ఎందుకంటే రేపు కివీ స్థానంలో వేరొకటి ఉన్నప్పుడు కూడా ఇదే పనికొస్తుంది.

ఫైలు మొట్టమొదటి వరుసలో, ఇంకే ఇంపోర్ట్ కంటే ముందు, సిస్‌ను మాత్రం తెచ్చుకుని సిస్.ఆర్గ్‌వీని ప్రింట్ చేయండి. ఇంపోర్టులన్నీ అయ్యాక మళ్లీ ప్రింట్ చేయండి. పార్స్ చేసే వరుసకు సరిగ్గా ముందు మూడోసారి. --డీబగ్ ఫోటోలు అని ఇచ్చి నడిపితే మొదటిది

['చూపు.పీవై', '--డీబగ్', 'ఫోటోలు']

అని, రెండోది

['చూపు.పీవై', 'ఫోటోలు']

అని వస్తుంది. ఈ రెండు వరుసల మధ్య ఉన్న ఇంపోర్టులలోనే దొంగ ఉన్నాడు. వాటిని సగానికి విడదీసి మధ్యలో ఇంకో ప్రింట్ పెడితే రెండు మూడు ప్రయత్నాల్లో పేరు తేలుతుంది. పైథాన్ 3.10 నుంచి సిస్.ఒరిజ్_ఆర్గ్‌వీ అనే ఇంకో జాబితా కూడా ఉంది. ఇంటర్‌ప్రెటర్‌కు మొదట అందిన మాటలన్నీ, పైథాన్ పేరుతో సహా, అందులో ఉంటాయి. సిస్.ఆర్గ్‌వీని మార్చే లైబ్రరీలు సాధారణంగా దీని జోలికి పోవు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది తగ్గిందో ఒక్క చూపులో తెలుస్తుంది.

ప్రోగ్రాము మధ్యలోనే ఆగిపోతే రెండో ప్రింట్ వరకు రానే రాదు. అప్పుడు తప్పు సందేశం మాటలను శ్రద్ధగా చదవండి. ఒక్కో పార్సర్‌కు ఒక్కో మాట తీరు ఉంటుంది. ఆప్షన్ పేరు మధ్యలో వచ్చి చివర ‘నాట్ రికగ్నైజ్డ్’ అని ఉంటే అది గెట్ఆప్ట్. ‘అన్‌రికగ్నైజ్డ్ ఆర్గ్యుమెంట్స్’ అని మొదలైతే ఆర్గ్‌పార్స్. ‘నో సచ్ ఆప్షన్’ అంటే ఆప్ట్‌పార్స్ గానీ క్లిక్ గానీ, ఇవీ ఆప్షన్లు చదివే లైబ్రరీలే. ‘అన్‌నోన్ కమాండ్ లైన్ ఫ్లాగ్’ అని ఉంటే యాబ్సల్ అనే లైబ్రరీ కుటుంబం. మీరు ఆర్గ్‌పార్స్ మాత్రమే వాడుతుండగా గెట్ఆప్ట్ మాటలు వచ్చాయంటే, తప్పు చెప్పింది మీ పార్సర్ కాదని అక్కడే తేలిపోయింది. ఎగ్జిట్ కోడ్‌ను మాత్రం నమ్ముకోకండి. కివీ కూడా 2తోనే ముగుస్తుంది, ఆర్గ్‌పార్స్ కూడా 2తోనే ముగుస్తుంది.

అది కూడా చాలకపోతే అనుమానం ఉన్న ఇంపోర్టును ట్రై బ్లాకులో పెట్టి, ప్రోగ్రామును ముగించే సిస్టమ్‌ఎగ్జిట్ అనే ఎక్సెప్షన్‌ను పేరుపెట్టి పట్టుకుని, ట్రేస్‌బ్యాక్ ముద్రించండి. ఏ ఫైలు, ఏ వరుస ప్రోగ్రామును ముగించిందో కనిపిస్తుంది. పట్టుకునే చోట ఎక్సెప్షన్ అని మాత్రమే రాస్తే అది చిక్కదు. సిస్టమ్‌ఎగ్జిట్ ఆ వంశంలోది కాదు, నేరుగా బేస్‌ఎక్సెప్షన్ కింద ఉంటుంది. చాలామంది ఇక్కడే ‘పట్టుకున్నా దొరకలేదు’ అని వదిలేస్తారు.

ఇక నాకు బాగా ఇష్టమైన ఉపాయం. పైథాన్ లిస్ట్ నుంచి ఒక చిన్న ఉపతరగతి చేసి, దానిలో విలువ తీసే గెట్ఐటెమ్ పద్ధతినీ, వరుసగా చదివించే ఐటర్ పద్ధతినీ మార్చి, ఎవరు పిలిచినా అప్పటి కాల్ స్టాక్‌ను ముద్రించేలా చేయండి. సిస్.ఆర్గ్‌వీ స్థానంలో దాన్ని పెట్టి ఆ తరువాత ఇంపోర్టులు నడపండి. ఆర్గ్యుమెంట్లను ఎవరు ఏ వరుసలో ముట్టుకున్నా పట్టుబడతారు. పది వరుసల కోడ్. సీ భాషలో రాసిన భాగాలు లిస్టును నేరుగా చదివితే దీనికి చిక్కవు, కానీ పైథాన్‌లో రాసినవి తప్పించుకోలేవు.

మీ సమస్యకు మందు కివీలోనే ఉంది. కివీ_నో_ఆర్గ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు, అన్నీ పెద్ద అక్షరాల్లో, 1 అనే విలువ ఇస్తే అది కమాండ్ లైన్ జోలికి రాదు. కివీ 1.9.0 నుంచి ఈ సౌకర్యం ఉంది. ఓఎస్ మాడ్యూల్ తెచ్చుకుని ఓఎస్.ఎన్‌విరాన్‌లో ఈ విలువ పెట్టండి, ఆ తరువాతే కివీని ఇంపోర్ట్ చేయండి. క్రమం మారితే ఏ ప్రయోజనమూ ఉండదు, ఎందుకంటే చదవడం జరిగేది ఇంపోర్ట్ సమయంలోనే. మీ సొంత మాడ్యూల్ ఒకటి లోపల కివీని ఇంపోర్ట్ చేస్తుంటే, ఆ మాడ్యూల్ కంటే కూడా ఈ వరుస ముందుండాలి.

ఈ వరుసకు పక్కనే ఒక వ్యాఖ్య తప్పకుండా రాయండి. ఇంపోర్టుల మధ్య మామూలు కోడ్ ఉంటే ఫ్లేక్8 వంటి, కోడ్ శైలిని పరిశీలించే పరికరాలు ఈ402 అనే హెచ్చరిక ఇస్తాయి: ఇంపోర్ట్ ఫైలు పైభాగంలో లేదని. ఆరు నెలల తరువాత ఎవరో ఒకరు, అది మీరే కావచ్చు, హెచ్చరికలు శుభ్రం చేద్దామని ఆ ఇంపోర్టును పైకి జరుపుతారు. కోడ్ చూడటానికి అందంగా ఉంటుంది, --హెల్ప్ మాత్రం మళ్లీ కివీదే వస్తుంది. ఆ వరుస దగ్గర హెచ్చరికను అణిచే గుర్తు పెట్టి, ఎందుకు పెట్టారో ఒక్క వాక్యం రాస్తే చాలు.

వేరియబుల్ లేకుండా ఇంకో దారి కూడా ఉంది: రెండు గీతలు మాత్రమే ఉన్న మాట. యునిక్స్ తరహా వ్యవస్థలకు వర్తించే పోసిక్స్ ప్రమాణంలోని పదో మార్గదర్శకం ప్రకారం -- అంటే ఆప్షన్లు ఇక్కడితో ముగిశాయని అర్థం. పైథాన్ చూపు.పీవై -- --కౌంట్ 50 ఫోటోలు అని ఇస్తే గెట్ఆప్ట్ ఆ గీతల దగ్గర ఆగి, వాటిని తాను తీసేసుకుని, మిగిలినది మీకు వదిలేస్తుంది. తాత్కాలికంగా ఇది బాగుంటుంది. అయితే ప్రతిసారీ గుర్తుపెట్టుకోవలసిన భారం వాడేవారి మీద పడుతుంది. నేనైతే సొంత ప్రోగ్రాములో దీన్ని ఎంచుకోను.

మీరు ఇప్పటికే ఏదైనా షెల్ స్క్రిప్టులో ఈ -- వాడుతూ ఉండి, ఇప్పుడు కివీ_నో_ఆర్గ్స్‌కు మారితే, ఆ పాత షెల్ స్క్రిప్ట్ విరిగిపోతుంది. ఇంతవరకు ఆ గీతలను కివీ తీసేస్తూ వచ్చింది. ఇక మీదట అవి నేరుగా ఆర్గ్‌పార్స్‌కు చేరతాయి. దాని దృష్టిలో కూడా -- తరువాతివన్నీ మామూలు మాటలే, ఆప్షన్లు కావు. అందువల్ల --కౌంట్ అనేదే మీ ఫోల్డరు పేరుగా వెళ్లి కూర్చుంటుంది, మిగిలిన 50, ఫోటోలు అనేవి ఎవరికీ చెందని ఆర్గ్యుమెంట్లని తప్పు వస్తుంది. సరిచేసిన రోజే సరిచేసినది చెడిపోయిందని చాలామంది వెనక్కి తీసుకునేది ఇందుకే. వెనక్కి తీసుకోకండి, షెల్ స్క్రిప్టులోని గీతలు తీసేయండి.

అన్ని ఫ్రేమ్‌వర్కులకూ ఇలాంటి వేరియబుల్ ఉండదు. ఉన్నా దాన్ని వెతుక్కోవాలి. కాబట్టి దేనికైనా సరిపోయే పద్ధతి ఇది: ముందు మీరు చదవండి, తరువాత దాన్ని పిలవండి. ఫైలు పైన ప్రామాణిక మాడ్యూళ్లు మాత్రమే ఉంచండి. మెయిన్ ఫంక్షనులో మొదటి పని ఆర్గ్యుమెంట్లు పార్స్ చేయడం. రెండో పని సిస్.ఆర్గ్‌వీని ప్రోగ్రాము పేరు ఒక్కటే మిగిలేలా కత్తిరించడం. మూడో పనిగా, ఆ ఫంక్షను లోపలే, ఫ్రేమ్‌వర్క్‌ను ఇంపోర్ట్ చేయండి. దీనితో ఇంకో మేలు కూడా ఉంది. బరువైన లైబ్రరీ లోడ్ కాకముందే --హెల్ప్ జవాబు వచ్చేస్తుంది. సహాయం కోసం నాలుగు సెకన్లు ఎదురుచూడవలసిన స్క్రిప్టును ఎవరూ రెండోసారి అడగరు.

కొన్ని ఆప్షన్లు మీకు, కొన్ని ఫ్రేమ్‌వర్క్‌కు కావాలంటే చాలామంది పార్స్_నోన్_ఆర్గ్స్ వాడమని చెబుతారు. తనకు తెలిసినవి తీసుకుని తెలియనివి వేరే లిస్టులో తిరిగి ఇస్తుంది, దాన్ని సిస్.ఆర్గ్‌వీలో పెట్టేస్తే సరి అని. నేను దీన్ని కాస్త భయంగానే వాడతాను.

ముందుగా అక్షర దోషాలు. --కౌంట్ అనబోయి --కౌట్న్ అని రాస్తే, తెలియని ఆప్షన్ కనుక అది నిశ్శబ్దంగా పక్కకు పోతుంది. ఫ్రేమ్‌వర్క్ కూడా పట్టించుకోకపోతే ఎవరూ తప్పు చెప్పరు. ఆ తరువాత విలువల సంగతి. --సైజ్ 640ఎక్స్480 ఫోటోలు అని ఇచ్చారనుకోండి, --సైజ్ అనేది ఫ్రేమ్‌వర్క్‌ది. మీ పార్సర్‌కు --సైజ్ ఎవరో తెలియదు, దానికి విలువ ఉంటుందనీ తెలియదు. అందుకే 640ఎక్స్480ను తీసుకెళ్లి మీ ఫోల్డరు పేరుగా పెట్టేస్తుంది, అసలు ఫోల్డరు పేరును మిగులులో పడేస్తుంది. అలాంటి ఫోల్డరు లేదనే తప్పు ఎక్కడో దూరంగా వస్తుంది. సమానం గుర్తుతో కలిపి ఒకే మాటగా రాస్తే ఈ చిక్కు రాదు, కానీ వాడేవారంతా అలాగే రాస్తారని మీరు హామీ ఇవ్వలేరు.

పొట్టి పేర్ల సంగతి ఇంకా మెలికగా ఉంటుంది. ఆర్గ్‌పార్స్ తన పొడవైన ఆప్షన్లను కుదించి రాసినా ఒప్పుకుంటుంది. మీకు --కాన్ఫిగ్-ఫైల్ అనే ఆప్షన్ ఉండి, వాడేవారు ఫ్రేమ్‌వర్క్ కోసం --కాన్ఫిగ్ ఇస్తే, అది మీదే అనుకుని లాగేసుకుంటుంది. పార్సర్ తయారుచేసేటప్పుడు అలవ్_అబ్రీవ్ విలువను ఫాల్స్ చేయండి. పైథాన్ 3.5 నుంచి ఉంది. 3.8 కంటే పాత వెర్షన్లలో ఇది -వీవీ వంటి జోడించిన ఒక్క అక్షరపు ఆప్షన్లను కూడా ఆపేసేది, ఆ తరువాత సరిచేశారు. కుదించిన పేర్లను ఒప్పుకునే అలవాటు గెట్ఆప్ట్‌కు కూడా ఉంది. కివీ చదువుతున్నంత కాలం మీ --కాన్ఫ్ దాని --కాన్ఫిగ్‌గా మారిపోతుంది.

వీటన్నిటికంటే శుభ్రమైనది ఏమిటంటే, మీ పార్సర్‌ను కఠినంగానే ఉంచి, ఫ్రేమ్‌వర్క్‌కు ఏమైనా చేరాలంటే దానికోసం మీరే ఒక ఆప్షన్ పెట్టడం. విండో కొలత కావాలంటే మీ --విండో-సైజ్ తీసుకుని, దాన్ని కోడ్‌లో కివీ కాన్ఫిగ్‌కు మీరే ఇవ్వండి. కమాండ్ లైనుకు ఒకే యజమాని ఉంటాడు, సహాయ సందేశంలో అన్నీ ఒకేచోట కనిపిస్తాయి.

ఇతర ఫ్రేమ్‌వర్కుల విషయానికి వస్తే, ‘ఎప్పుడు చదువుతుంది’ అన్నదే అడగవలసిన ప్రశ్న. విండోలు తయారుచేసే మరో ఫ్రేమ్‌వర్క్ అయిన క్యూటీ ఇంపోర్ట్ సమయంలో ఏమీ చేయదు. అప్లికేషన్ ఆబ్జెక్టును సృష్టించేటప్పుడు ఇచ్చిన ఆర్గ్యుమెంట్లలో -స్టైల్, -ప్లాట్‌ఫార్మ్ వంటి తనవాటిని ఏరుకుంటుంది. వాటి ముందు ఒక గీత ఉన్నా రెండు ఉన్నా ఒకటే దానికి. మీకు సొంత --స్టైల్ ఉంటే ఆబ్జెక్ట్ సృష్టించే ముందే పార్స్ చేసుకోండి, లేదా దానికి ప్రోగ్రాము పేరు ఒక్కటే ఉన్న లిస్ట్ ఇవ్వండి. యాబ్సల్ అయితే యాప్.రన్ పిలిచినప్పుడు చదువుతుంది, తెలియని ఆప్షన్ కనిపిస్తే ఆగిపోతుంది. ఆర్గ్‌పార్స్‌తో కలిపి వాడుకోవడానికి దానిలోనే ఆర్గ్‌పార్స్_ఫ్లాగ్స్ అనే మాడ్యూల్ ఇచ్చారు.

త్రీడీ బొమ్మలు తయారుచేసే బ్లెండర్‌లో పరిస్థితి తలకిందులు. అక్కడ మీ స్క్రిప్టును బ్లెండరే నడుపుతుంది. -- తరువాత ఉన్నదాన్ని బ్లెండర్ ముట్టుకోదు, కానీ సిస్.ఆర్గ్‌వీలో మాత్రం బ్లెండర్ ఆర్గ్యుమెంట్లతో సహా అన్నీ ఉంటాయి. ఆ గీతలు ఎన్నో స్థానంలో ఉన్నాయో వెతికి, వాటి తరువాతి భాగాన్ని మాత్రమే మీ పార్సర్‌కు ఇవ్వాలి. గీతలే లేకపోతే ఖాళీ లిస్ట్ ఇవ్వాలి. పెద్ద డేటా పనులకు వాడే స్పార్క్‌కు స్క్రిప్టును అప్పగించే స్పార్క్-సబ్‌మిట్ కమాండులో హద్దు మీ ఫైలు పేరే. దానికి ముందున్నవి స్పార్క్‌వి, తరువాతవి మీవి. --మాస్టర్‌ను పొరపాటున ఫైలు పేరు తరువాత రాస్తే అది మీ స్క్రిప్టుకు వచ్చి తప్పు చూపుతుంది.

మీరు అడగని ఆర్గ్యుమెంట్లు మీ మీదకు వచ్చి పడే సందర్భాలు కూడా ఉన్నాయి. జూపిటర్ నోట్‌బుక్‌లో పార్స్_ఆర్గ్స్ పిలిస్తే -ఎఫ్ అనే ఆప్షనూ, కెర్నల్ పేరుతో ఒక జేసన్ ఫైలూ గుర్తించలేదని తప్పు వస్తుంది. అవి కెర్నల్‌ను, అంటే నోట్‌బుక్ వెనుక మీ కోడ్‌ను నడిపే ప్రాసెస్‌ను, మొదలుపెట్టిన ఆర్గ్యుమెంట్లు. అక్కడ పార్స్_ఆర్గ్స్‌కు మీ సొంత లిస్ట్, కనీసం ఖాళీ లిస్ట్, ఇవ్వండి. మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ పైటార్చ్‌లో, స్క్రిప్టును పలు ప్రాసెస్‌లుగా నడిపే పాత లాంచర్ ప్రతి ప్రాసెస్‌కూ లోకల్ ర్యాంకును, అంటే ఆ యంత్రంలో దాని వరుస సంఖ్యను, ఒక ఆప్షన్‌గా పంపుతుంది. 2.0 వెర్షన్ నుంచి ఆ పేరు మధ్యలోని అండర్‌స్కోర్ గీతగా మారింది, దాంతో అప్పటివరకు నడిచిన స్క్రిప్టులు ఆగాయి. రెండు పేర్లనూ ఒకే ఆప్షన్‌కు ఇస్తే రెండు కాలాల్లోనూ నడుస్తుంది. దాని బదులు కొత్త లాంచర్ టార్చ్‌రన్ వాడితే ఆప్షనే రాదు, విలువ లోకల్_ర్యాంక్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉంటుంది. విండోస్‌లో స్క్రిప్టును ఒకే ఎగ్జిక్యూటబుల్ ఫైలుగా కట్టి మల్టీప్రాసెసింగ్ వాడితే, పిల్ల ప్రాసెస్‌కు --మల్టీప్రాసెసింగ్-ఫోర్క్ అనే ఆప్షన్ వస్తుంది. మెయిన్‌లో అన్నిటికంటే ముందు ఫ్రీజ్_సపోర్ట్ పిలవకపోతే, మీ ఆర్గ్‌పార్స్ దాన్ని చూసి తప్పు చెప్పి ఆ ప్రాసెస్‌ను చంపేస్తుంది.

ఇంతసేపు ఇతరులను తప్పుపట్టాం గానీ, మన కోడ్ కూడా ఇదే పని చేయవచ్చు. పార్స్_ఆర్గ్స్‌ను ఫైలు పైభాగంలో, ఏ ఫంక్షనులోనూ పెట్టకుండా రాసినవాళ్లు చాలామంది. ఆ ఫైలును పరీక్షలు నడిపే పైటెస్ట్ ఇంపోర్ట్ చేయగానే మీ పార్సర్ పైటెస్ట్ ఆర్గ్యుమెంట్లను చదివి, గుర్తుపట్టక, ఎగ్జిట్ చేసేస్తుంది. పరీక్షలు మొదలుకాకుండానే ఆగిపోతాయి. మీ స్క్రిప్ట్ పట్ల కివీ ఎలా ప్రవర్తించిందో, పైటెస్ట్ పట్ల మీ స్క్రిప్ట్ అలాగే ప్రవర్తిస్తోంది. మెయిన్ ఫంక్షనుకు ఆర్గ్‌వీ అనే పరామితి పెట్టి, దాని సహజ విలువ నన్ (పైథాన్‌లో ‘విలువ లేదు’ అనే గుర్తు) చేసి, దాన్ని పార్స్_ఆర్గ్స్‌కు అందించండి. నన్ అయితే అది సిస్.ఆర్గ్‌వీని చూసుకుంటుంది. పరీక్షలో మాత్రం మీకు కావలసిన లిస్ట్ ఇచ్చి పిలవవచ్చు.

ఇవన్నీ చూసినా దొంగ దొరకకపోతే, ఆర్గ్యుమెంట్లు పైథాన్ వరకు సరిగ్గా చేరాయా అన్నది చూడాలి. మొదటి ప్రింటులోనే లిస్ట్ తప్పుగా ఉంటే ఏ ఫ్రేమ్‌వర్కూ కారణం కాదు. మధ్యలో ఒక షెల్ స్క్రిప్ట్ ఉండి, అందులో డాలర్-నక్షత్రం వాడి ఉంటే ఖాళీ ఉన్న ఫైలు పేరు రెండు ముక్కలవుతుంది. కొటేషన్ గుర్తుల్లో పెట్టిన డాలర్-ఎట్ వాడాలి. విండోస్‌లో పైథాన్ అని ముందు రాయకుండా ఫైలు పేరుతోనే నడిపినప్పుడు, ఫైలు రకపు అనుబంధంలో శాతం-నక్షత్రం లేకపోతే ఆర్గ్యుమెంట్లు అసలు రావు, లిస్టులో ప్రోగ్రాము పేరొక్కటే కనిపిస్తుంది.

కంటికి కనిపించని తప్పు ఇంకొకటుంది. డాక్యుమెంట్ నుంచో చాట్ నుంచో కమాండును కాపీ చేస్తే, అక్కడి ఎడిటర్ రెండు చిన్న గీతలను ఒక పొడవైన గీతగా మార్చి ఉండవచ్చు. ఆర్గ్‌పార్స్‌కు అది గీతే కాదు, మామూలు అక్షరం. కాబట్టి మీ ఆప్షన్‌ను ఆర్గ్యుమెంటుగా లెక్కేసి, గుర్తించలేదని చెబుతుంది. తెర మీద ఆ సందేశం చూస్తే ఆప్షన్ పేరు సరిగ్గానే ఉన్నట్టుంటుంది. మామూలు ప్రింట్ కూడా దీన్ని బయటపెట్టదు. ఆస్కీ అనే అంతర్నిర్మిత ఫంక్షనులో పెట్టి ప్రింట్ చేయండి. పొడవైన గీత ఉన్నచోట వెనుక గీటు, యు అక్షరం, వాటి తరువాత 2013 గానీ 2014 గానీ అనే అక్షర సంకేతం కనిపిస్తే, అక్కడ ఉన్నది మీరు టైప్ చేసిన గీత కాదు.

మీ స్క్రిప్టుకు నేనైతే చేసేది ఇది. ఫైలు పైన ఆర్గ్‌పార్స్, ఓఎస్, సిస్ మాత్రమే. మెయిన్‌లో పార్స్ చేసి, కివీ_నో_ఆర్గ్స్‌కు 1 ఇచ్చి, ఆ తరువాత కివీ యాప్ తరగతి ఉన్న మీ రెండో ఫైలును ఇంపోర్ట్ చేసి, ఫోల్డరు పేరునూ కౌంటునూ దానికి పరామితులుగా అందించడం. యాప్ తరగతి సిస్.ఆర్గ్‌వీని ఎక్కడా చూడకూడదు. మార్చిన తరువాత నాలుగు కమాండులు నడపండి: --హెల్ప్ ఒక్కటే, --డీబగ్ ఫోల్డరుకు ముందు, --కౌంట్ 50 ఫోల్డరుకు ముందు, అదే ఫోల్డరుకు తరువాత. చివరి రెండింటి ఫలితం ఒకేలా రావాలి. తేడా ఉంటే ఇంకా ఎవరో ముందుగా చదువుతున్నారు. అప్పుడు మొదట చెప్పిన మూడు ప్రింట్ల ఫలితాన్నీ, మీ ఇంపోర్ట్ వరుసలను ఉన్న క్రమంలోనూ పెట్టండి, చూసి చెబుతాను.